ఎరువు పుస్తకం

వాల్దివియా రేవులో చేపలు కోస్తాను నేను.
పొలుసు గీకడం తెలుసు, ముల్లు తీయడం తెలుసు,
తలకాయ విసిరితే నోరు తెరిచే నీటి సింహాల్లో
ఏది ఏదో కూడా తెలుసు.
తెలియనిది నోల్ఫా ఒక్కతే, ఈ మార్చి నుంచి.

గోడవైపు తిరిగి పడుకుంటుంది.
జుట్టు దువ్వుకోదు. వానొస్తోందంటే "ఊఁ" అంటుంది.
ఈ ఊళ్ళో వాన రాని రోజేది?
డాక్టరు జబ్బుకో పేరు పెట్టి, మాత్రలు రాసి
"మీరు ఓపిగ్గా ఉండాలి" అన్నాడు నాతో.
ఓపిక ఎన్ని గ్రాములో
తిండికి ముందో తర్వాతో చెప్పలేదు.

అందుకే చేతులు మూడుసార్లు నిమ్మచెక్కతో రుద్దుకుని
లైబ్రరీకి వెళ్ళాను, బడి మానేశాక మొదటిసారి.
"మా ఆవిడకి కాదు, నాకే కావాలి" అన్నాను.
ఎంత గొంతు తగ్గించినా
పేపరు చదివే ముసలాయన తలెత్తనే ఎత్తాడు.

యస్నా అనే పిల్ల నాలుగు పుస్తకాలు తెచ్చి పెట్టింది.
ఒకటి ఇటుకంత. అందులో నోల్ఫా "రోగి", నేను "సంరక్షకుడు".
ఒకటి పదిహేను రోజుల్లో సంతోషం ఇప్పిస్తానంది.
వెనక్కి తోశాను,
కుళ్ళిన చేప నాకు వాసనకే తెలుస్తుంది.
ఇంకోదాన్నిండా సూర్యోదయాల బొమ్మలు.
చివరిది పల్చగా, వెన్ను విరిగి, టేపు అంటించి ఉంది.
తెరిస్తే మొదటి వాక్యం:
"ఈ రోజు మీరు భోంచేశారా?"

ఎన్నాళ్ళయింది, ఆ మాట నన్నెవరైనా అడిగి.
నిలబడే చదివాను ఆ పేజీ
వేలు పెట్టి, కూడబలుక్కుంటూ.

వెనక అట్టలో పాత కార్డు,
తీసుకెళ్ళినవాళ్ళ పేర్లు, వాళ్ళ వాళ్ళ చేతిరాతల్లో.
ఒక టీచరమ్మ. పడవలు బాగుచేసే మనిషి.
రొట్టెల కొట్టావిడ, పేరు కొట్టేసి మళ్ళీ రాసుకుంది.
ఒవిడియో.
నా పక్క బల్ల ఒవిడియో,
నాలుగుసార్లు, ఒకే చలికాలంలో.

ఇరవయ్యేళ్ళుగా మోచేతులు రాసుకునే మనుషులం.
ఫుట్‌బాల్ గురించి, డీజిల్ ధర గురించి
నోరు నొప్పెట్టేలా మాట్లాడుకున్నాం.
ఆ చలికాలం అతను ముడుచుకుపోతే
అప్పులేమో అనుకున్నాను.

రాత్రి పొయ్యి పక్కన పైకే చదివాను,
నాకు అలాగే వచ్చు.
"కారణం అడగకండి. పక్కన కూర్చోండి."
గోడవైపు నుంచి గొంతొచ్చింది:
"మరీ పక్కన కాదని రాయలేదా?"
రాయలేదు.
కుర్చీ ఒక జానెడు వెనక్కి జరిపాను.
ఇంకో జానెడు.
"అక్కడ" అంది.
ఆ వారమంతటికీ అంతే మాట్లాడింది.

పొద్దున బల్లమీద పొలుసులు ఎగురుతుంటే
నా సంచీలోంచి తొంగిచూసే టేపు ముక్కని
ఒవిడియో చూశాడు.
కత్తి ఆపలేదు.
"ఎక్కడిదాకా వచ్చావ్?"
"కుర్చీ దాకా."
ఇంకో రెండు చేపలు కోశాడు.
"నలభయ్యో పేజీ నమ్మకు.
అక్కడికొచ్చినప్పుడు
అర్ధరాత్రయినా సరే, నన్ను లేపు."