వలకన్ను

నర్సరీలో చివరి బల్ల, వాడిపోయిన జెరేనియంల పక్కన
ఓ పక్కకి ఒరిగి నిలబడ్డ జూనిపర్ పొద.
చీటీ మీద పాత ధర కొట్టేసి, నాలుగు యూరోలు అని రాశారు.
కుర్రాడు దాన్ని అమ్మినట్టు లేదు,
వదిలించుకున్నట్టు ఉంది.

ముప్పై ఏళ్లుగా వీగో రేవులో వలలు బాగుచేస్తున్నాను.
నా చేతులకు తెలిసింది ముడి వెయ్యడం,
చిరిగినచోట కన్ను పక్కన కన్ను అల్లుకుంటూ పోవడం.
కత్తెర ఎప్పుడూ ఒళ్లోనే ఉంటుంది, నిజమే,
కానీ పచ్చగా ఉన్నదాన్ని అది ఏనాడూ ముట్టుకోలేదు.

పక్క స్టూలు మీద దొసిందా.
ఆమె కిటికీలో పదకొండు చెట్లు, ఏదీ మూర దాటదు.
"ముందు మట్టి తొలుచు.
మొదలు ఎక్కడుందో చూడకుండా కత్తెర పట్టావా,
చెయ్యి విరగ్గొడతా."

వంట చెంచాతో పైమట్టి తీశాను.
రెండు వేళ్ల లోతున
కోడికాలిలా నేలను పట్టుకున్న వేర్లు.
నేను కొన్నదానికంటే లావుపాటి చెట్టొకటి
లోపల, చడీచప్పుడు లేకుండా.

తర్వాత గంటసేపు చూడడమే పని.
తిప్పాను, వంగాను, మళ్లీ తిప్పాను.
ఎటు చూసినా పొదే. ముఖం ఏదో వీపు ఏదో చెప్పదు.

"వల అంటే ఏంటి?" అడిగింది దొసిందా.
తాడు, అన్నాను.
"మరి సముద్రం దేంట్లోంచి పోతోంది?"

ముప్పై ఏళ్లు నేను అల్లింది తాడే అనుకున్నాను.
కొలిచింది మాత్రం ప్రతిసారీ కన్నునే.

అప్పుడు కదిలింది కత్తెర.
కిందికి వేలాడేవి, లోపలికి పెరిగి ఊపిరాడనివ్వనివి,
ఒకేచోట మూడు మొలిస్తే అందులో రెండు.
చేతులనిండా జిన్ సీసా మూత తీసినట్టు వాసన.
బల్ల కింద పచ్చగుట్ట పెరుగుతోంది,
బల్ల మీద పొద తరుగుతోంది,
తరిగేకొద్దీ చెట్టవుతోంది.

పాత ఇంటి గోడలోంచి లాగిన రాగితీగ,
పొయ్యి మీద ఎర్రగా కాల్చి చల్లార్చింది,
ఏటవాలుగా చుట్టాను, బొటనవేలు ఆన్చి వంచాను.
చిటుక్.
అన్నిటిలోకీ మంచి కొమ్మ. దాన్ని చూసే కదా
మిగతావి కోసుకుంటూ వచ్చాను.

దొసిందా తిట్టలేదు. చాకు తీసి
విరిగిన మొండికి బెరడు ఒలిచింది, ఎముకలా తెల్లబడేదాకా.
"పిడుగు పడిందని చెప్పు, ఎవరైనా అడిగితే."
పిడుగు! నా బొటనవేలు! ఇద్దరం పడిపడి నవ్వాం.

సీయెస్ దీవుల మీద పైన్లు ఉంటాయి,
అన్నీ ఒకేవైపు దువ్వించుకున్న జుట్టుతో.
పడమటిగాలి అరవై ఏళ్లు పడ్డ పాటు
నేను ఓ ఆదివారం, భోజనానికీ కాఫీకీ మధ్య.
కొంచెం సిగ్గేసింది.

ఆక్టోపస్ వండే మట్టిపళ్లేనికి డ్రిల్లుతో చిల్లులు పెట్టాను.
మొదటిది పగిలింది, రెండోది నిలిచింది.
కానీ దొసిందా ఒప్పుకోలేదు:
"ఏడాదికి ఒక్క దెబ్బే. వేర్ల జోలికి వచ్చే వసంతం."
పళ్లెం అలమారా ఎక్కింది, ఖాళీగా.
చెట్టు అదే నల్ల ప్లాస్టిక్ కుండీలో, చీటీతో సహా.

ఆ మేలో పడవలన్నీ ఒక్కసారే వచ్చాయి,
గుట్టలు గుట్టలుగా చిరిగిన వలలు.
తీగ సంగతి మర్చిపోయాను.
గుర్తొచ్చేసరికి అది బెరడులోకి దిగింది.
విప్పితే కొమ్మ ఊడొస్తుందని ముక్కలుముక్కలుగా కత్తిరించి తీశాను.
మెలితిరిగిన గాడి మిగిలింది.
నా ఎడమ చూపుడువేలి మీదా ఉంది అలాంటిదే, నైలాన్ తాడు లాగిన చోట.
పక్కపక్కన పెట్టి చూశాను, ఊరికే.

నిన్న ఎదురింటి బ్రైషో వచ్చాడు, ఏడేళ్లవాడు.
"ఇది చచ్చిపోతోందా?"
ఆకు మిగిలిన చోట ఆవగింజంత పచ్చకన్ను విచ్చుకుంటోంది,
చూడమని నా కళ్లద్దాలు ఇచ్చాను.
వాడు చూడలేదు.
ఒక కన్ను మూసి, తెల్లకొమ్మకీ పచ్చకొమ్మకీ నడుమ నుంచి
రేవు వైపు గురిపెట్టి,
"క్రేన్ మొత్తం పట్టింది ఇందులో!" అన్నాడు.