ఆట లేని నెలలు

వానకాలం హాలియల వాలీబాల్ ఉండదు.
నెట్టు మిల్లు గోదాంల
బియ్యం సంచుల మీద పండుకుంటది.
గ్రౌండుల తుంగ లేస్తది,
బర్లు సర్వీసు లైను తొక్కి లోపలికొస్తయి,
తప్పని ఎవడూ విజిలూదడు.

ఆట లేదు గని ఆట ముచ్చట ఉన్నది.
నా బజ్జీల బండి కాడ
నూనె కాగేలోపట
జట్టు మూడుసార్లు మారుతది.

మిల్లు సేటు ఈ యేడు ముగ్గుర్ని తీసేసిండు.
కాయితం మీద రాయించి గేటుకు అతికిచ్చిండు:
ఉండెటోళ్లు ఏడుగురు,
కోదాడ నుంచి వచ్చెటోడు ఒకడు,
పోయెటోళ్లు అడుగున, చిన్న అక్షరాలల్ల.
రాత్రి వానకు సిరా కారి
ఎవడు ఉన్నడో ఎవడు పోయిండో
ఇంక మీరే కొట్లాడుకోన్రి అన్నట్టయింది.

ఆరడుగుల మూడంగుళాలంట, అంటడు కండక్టర్ గోపయ్య,
కోదాడ పిలగాన్ని తనే టేపు పెట్టి కొలిచినట్టు.
వాడెగిరితే నెట్టు వాని బొడ్డు కాడుంటది.

ఎగిరెటోనికి బాలెవడు అందిస్తడు, మీ డిపో మేనేజరా?
మటన్ కొట్టు ఖాసిం
కత్తి కూడ కింద పెట్టకుండ వచ్చిండు.
మట్టపల్లిని తీసేసుడు ఆయనకు మింగుడు పడలే.
మట్టపల్లి జట్టులకు తిరిగొచ్చే దాక
నా ఖాతా కట్టనన్నడు.
సేటు మీది కోపం నా శనగపిండి మీద.

మేస్త్రి వెంకులు గోడకు తూకం పెట్టినట్టు మాట్లాడతడు:
ముప్పై ఆరేండ్లు. కుడి మోకాలు.
పగలంత హమాలీ, పొద్దుమూకి ఆట.
శివరాత్రికి నిడమనూరు ఫైనల్ల, ఆఖరి సెట్టు,
పదమూడు, పద్నాలుగు,
వాడెత్తిన బాలు నెట్టుకు తగిలి మన దిక్కే పడ్డది.
ఇగ చెప్పు.

అయిదు నెలలాయె.
ఆ ఒక్క బాలును వీళ్లు
నోళ్ల మీద నుంచి నోళ్ల మీదికి ఎగరేస్తనే ఉన్నరు,
కింద పడనిస్తలేరు.

కొత్తోళ్లకు ఛాన్సియ్యాలె,
అని పదో తరగతి పిలగాడు మధ్యల దూరిండు.
వాని మీసం ఇంకా బెంచీ మీదనే ఉన్నది,
ఆటకు దిగలే.

నన్నెవరూ అడగలే.
పదహారేండ్ల సంది ఈడనే నా బండి,
కొసకు ఒక్క మ్యాచి కూడ కండ్లార చూడలే.
ముఖం నూనె దిక్కు, వీపు గ్రౌండు దిక్కు.
నేను ఆటను చెవులతోటి నేర్చుకున్న.
సర్వీసంటే చెంపదెబ్బ.
స్మాషంటే లారీ మీదికెళ్లి బస్తా పడ్డట్టు.
ఆ రెంటి నడుమ ఒక చిన్న జాగ ఉండేది,
ఏ సప్పుడూ లేనిది.
మందంత ఊపిరి పట్టేది,
నేను కూడ జల్లిగంటె లేపి ఆగేదాన్ని.
అది మట్టపల్లి వేళ్లల్ల బాలు ఉన్నప్పుడు.

మొన్న శనివారం ఆయనే వచ్చిండు,
తలల ఊక, భుజం మీద తడి గోనెసంచి.
నాలుగు మిరపకాయలియ్యి వదినె, అన్నడు.
గోపయ్య ఉన్నట్టుండి బస్సు టైము చూసుకున్నడు.
వెంకులు ఉల్లిగడ్డ ముక్కలు లెక్క పెట్టిండు.
కాసేపు నూనె ఒక్కటే మాట్లాడింది.

కోదాడ పిలగాడు మంచోడే,
మట్టపల్లి కారం ఊదుకుంట అన్నడు.
గని వానికి ఎడమ దిక్కు, జర కిందికి ఇయ్యాలె.
ఎత్తుకిస్తే తొందరపడి ముందే లేస్తడు.
ఈ సంగతి కొత్త సెట్టరుకు ఎవలన్న చెప్పున్రి.
నేను చెప్తె బాగుండదు.

పైసలిచ్చి మెట్టు దిగిండు,
ఎడమ కాలు ముందు, కుడి కాలు ఎనక.
ఇరువై అడుగులు పోయిండో లేదో
చూసినవా మోకాలు, అని వెంకులు,
నీ కండ్లు పాడుగాను, అని ఖాసిం,
మళ్ల జట్టు మారుడు షురూ అయింది.

పిండి కలుపుకుంట
ఎనకకు చెవి పెట్టిన.
తుంగ మీద వాన.
బర్రె ఒకటి ఎక్కడనో
తోక తోటి ఈగను కొట్టుకున్నది.