కాగిన నూనె

ఆటోనగర్ మూడో క్రాసులో సైదా మస్తాన్ షెడ్డు.
నా డీజిల్ అంబాసిడర్ బానెట్ ఎత్తి
కడుపులోకి తొంగిచూసి
"ఈ వయసులో దీనికి చిరుతిళ్ళు అలవాటు చేస్తావా సారూ"
అని నవ్వాడు.
నవ్వుతూనే రెండో ట్యాంకుకి కొలతలు తీసుకున్నాడు.

పాత ఫ్రిజ్జులోంచి పీకిన రాగి గొట్టాన్ని
జంతికలా చుట్టి
రేడియేటరు వేడినీళ్ళు అందులోంచి తిప్పాడు.
చల్లటి నూనె ఇంజను మింగలేదట.
మొదటి గుక్క డీజిల్. ఒళ్ళు వేడెక్కాక నూనె.
ఆపబోయే ముందు మళ్ళీ డీజిల్‌తో పుక్కిలించాలి.
డాష్‌బోర్డు కింద ఇత్తడి కుళాయి చూపించి
"ఇది మర్చిపోయావో, పొద్దున్నే నాకు ఫోన్ చేస్తావు" అన్నాడు.

నూనె పటమటలో, నాంచారమ్మ బండి దగ్గర.
రాత్రి పదింటికి మూకుడు దించి డబ్బాలోకి వంపుతుంది.
అడుగున మాడిన శనగపిండి, వాము గింజలు,
తెగిపడ్డ మిరపకాయ తొడిమ ఒకటి.
"ఇదివరకు ఓ హోటలాయన పట్టుకుపోయేవాడు,
మళ్ళీ కాచి మళ్ళీ మనుషులకే పెట్టేవాడు.
నీ బండి కడుపునొప్పి అనదుగా" అంది.
డబ్బులు మాత్రం లెక్కపెట్టే తీసుకుంది.

మేడమీద మూడు రోజులు తేరనిస్తాను.
పాత పంచె నాలుగు మడతలేసి వడకడతాను.
పొయ్యెక్కిస్తే ముందు చిటపటలాడుతుంది,
లోపల ఎక్కడో నీళ్ళు దాచుకున్నట్టు.
ఆ గొణుగుడు ఆగేదాకా కాచాలి.
పుష్యమాసం తెల్లవారుజామున
పేరిన నెయ్యిలా ముడుచుక్కూచుంటుంది,
బతిమాలినా జారదు.
నా చొక్కాలన్నిటికీ పునుగుల వాసన.
పక్కవాటా ఆవిడ అడగడం కూడా మానేసింది.

బెంజి సర్కిల్ సిగ్నల్ దగ్గర
స్కూటీ మీద పిల్ల హెల్మెట్ అద్దం పైకెత్తి
బజ్జీల బండి ఎక్కడా అని నాలుగు దిక్కులూ వెతుకుతుంది.
నేను ముందుకే చూస్తాను.

ఒకసారి కుళాయి మర్చిపోయాను.
మస్తాన్ వచ్చాడు. గొట్టాలన్నీ విప్పి కడిగాడు.
ఒక్క మాటా అనలేదు.
తిడితే బాగుండేది.

ఆదివారం మధ్యాహ్నం నాంచారమ్మ వచ్చి నిలబడింది.
"పంతొమ్మిదేళ్ళు ఆ మూల్నే నిలబడి కాచాను.
నా నూనె ఎంత దూరం పోద్దో చూద్దాం, పద."
ముందు సీట్లో కూర్చుని చెప్పులు విడిచింది.

వారధి ఎక్కాక కుళాయి తన చేతే తిప్పించాను.
ఇంజను గొంతు కాస్త మెత్తబడింది.
కింద కృష్ణలో నీళ్ళకన్నా ఇసుకే ఎక్కువ.
ఆమె అటు చూడలేదు.
పెదాలు కదులుతున్నాయి,
ఒక్కో వాయికి ఎంత రోడ్డో లెక్కేస్తోంది కాబోలు.

మంగళగిరి దాటాక
కిటికీలోంచి తల బయటపెట్టి, గాలి ఎగబీల్చి,
నావైపు తిరిగింది.
"ఇది నాది కాదు.
దీంట్లో వెల్లుల్లి ఉంది.
ఆ గవర్రాజు దగ్గర కూడా పోయించుకుంటున్నావా?"

నేను రోడ్డు మీంచి చూపు తిప్పలేదు.
కాజ టోల్‌గేటు కనబడేదాకా ఆమె పలకలేదు.
తర్వాత కుళాయి మీద చెయ్యి వేసి
"ఎప్పుడు తిప్పాలో చెప్పు" అంది.