చెవి తప్పిన బొమ్మ

సెలూన్ ఇస్తారి నా పిల్లి బొమ్మ గీసిచ్చిండు.
క్యాలెండర్ కాయితం వెనకదిక్కు, సెప్టెంబర్ నెల.
వెలుతురుకు పట్టి చూస్తే
పొట్టల నుంచి తిరగబడ్డ తారీఖులు కనబడ్తయి.
వీపుకు, తోకకు పెన్సిల్ గీత.
మచ్చలకు మాత్రం
గిరాకీలకు వెయ్యంగ గిన్నెల మిగిలిన జుట్టురంగు,
ఒకటి నలుపు, ఒకటి గోధుమ.
వాసన ఇంక పోలె.

తపాల అని పేరు పెట్టింది మా అమ్మ.
తపాల చెక్క ఒకపక్క మాడితే ఎట్లుంటదో
అట్లనే ఉండె దాని వీపు.
పోస్టుమాన్ సైదులుకు మాత్రం
మేం ఆయన డిపార్ట్‌మెంటును ఎక్కిరిస్తున్నమని అనుమానం.
"తపాల వచ్చిందమ్మా" అని గేటుకాడ నుంచే కేకేసేటోడు,
ఉత్తరం లేనినాడు గూడ.

నేను దేవరకొండ డిపో కండక్టర్ని.
నాలుగున్నరకు నేను లేచేసరికే
అది టికెట్ మిషన్ సంచి మీద కూసొని ఉండేది.
"లే, టికెట్ తియ్యవా?" అంటే
ఒక్క కన్ను తెరిచి మళ్ల మూసేది,
పాసున్నోళ్ల లెక్క.

మాపటికి ఇంటికొస్తే నా కాళ్లకాడ చేరి
కొండమల్లేపల్లి దుమ్ము, అంగడిపేట దుమ్ము,
నల్లగొండ బస్టాండ్ల ఎవరో పారబోసిన చాయ్,
అన్ని వాసన జూసి
హాజరేసుకునేది.
నేను యాడ తిరిగొచ్చిన్నో దానికెరుక.
అది యాడ తిరిగిందో
నేనెన్నడు అడగలె.

బొమ్మ చేతికిస్తే
ముందుగాల చూసింది చెవినే.
చినిగింది ఎడమ చెవి.
కుక్క కొరికిననాడు పసుపు అద్దుతుంటే
నా ఎడమ మణికట్టుకు గోర్లు దింపింది,
ఆ మచ్చ ఇప్పటికున్నది.
ఇస్తారి కుడిచెవి చింపిండు.

"ఇది ఎడమ గదా అన్నా!"

కత్తి తుడుసుకుంట తుడుసుకుంట ఆగిండు.
"నాకు గట్లనే కనబడ్డది బిడ్డా.
నలభై ఏండ్ల సంది మనుషుల్ని అద్దంలనే చూస్తున్న.
బజార్ల ఎదురువడితే పోల్చుకోను ఎవల్నీ.
పన్నెండు గొట్టంగ వచ్చేది నీ పిల్లి.
ఎండకు గిరాకి ఉండదు.
తిరుగుడు కుర్చీల ఎక్కి కూసునేది, పెద్దమనిషి తీరు.
నేను ఎనక నిలవడేది.
ఇద్దరం అద్దంల ఒకర్నొకరం చూసుకునేది.
నవ్వొచ్చి ఒకపారి తెల్లబట్ట గూడ కప్పిన మెడదాంక.
కదలలె.
ఇంకోపారి కప్పింది...
నీకెరుకే."

ఎరుకే.
ఆనాడు నాది డబుల్ డ్యూటీ.
నేనొచ్చేసరికి ఆ బట్టల చుట్టి
మెట్ల మీద నీడకు పెట్టి, పక్కన కూసొని ఉన్నడు.
దుకాణం మూసి.

ఆరేండ్లు.
నేను నల్లగొండ బస్టాండ్ల సద్ది విప్పే యాళ్లకు
నా పిల్లి ఇంకొకని దుకాణంల
గిరాకీ అయి కూసున్నది.
చిల్లర లెక్క తప్పనిదాన్ని,
ఇంత పెద్ద మొత్తం
నా సంచిల యాడా పడలె.
కోపమొచ్చింది ముందు. అబద్ధమెందుకు.
ఆ మధ్యాహ్నాలన్ని నాకు తిరిగియ్యమని
ఇస్తారిని అడుగుదామనిపిచ్చింది.

ఇంటికొచ్చి బొమ్మను అద్దం ముందల పట్టిన.
చెవి ఎడమకొచ్చింది.
అచ్చం నా తపాల,
ఇగ దుంకుతదా అన్నట్టు.
కని, పట్టుకున్న చేతిని చూస్తే
మణికట్టు మచ్చ కుడికి పోయింది.

శానసేపు నిలవడ్డ.
దాన్ని సరిజేస్తే నేను తప్పుతున్న.

మేకు కొట్టి, ఇస్తారి చూసినట్టే తగిలిచ్చిన.
కుడిచెవి చినిగిన పిల్లి
జుట్టురంగు వాసనతోని
నా సంచి దిక్కే చూస్తున్నది.
నేను చూడని తారీఖులన్ని
దాని వెనక
గోడదిక్కు తిరిగి ఉన్నయి.