తెల్ల మీద తెలుపు

నరసాపురంలో లేసు గోడౌను. నా పని
తెల్లటిదాన్ని తెల్లగా ఫొటో తియ్యడం.
చెబితే మా ఆడపడుచు నవ్వుతుంది.
నల్లగుడ్డ పరిచి, దాని మీద లేసు పరిచి,
కిటికీ రెక్క ఒకటి మూసి ఒకటి వదిలి
ఊపిరి బిగబట్టి నొక్కుతాను.

నావి కాక ఇంకో రెండు కళ్ళు నాకు.
ఒకటి ఫోను, ఇంకా నాలుగు వాయిదాలుంది.
రెండోది షావుకారు గారి పాత కెమెరా,
వాడిన సబ్బుబిళ్ళంత,
మీట నొక్కితే తాబేలు తల చాపినట్టు
కిర్రుమని మూతి బయట పెడుతుంది.
పేరుపాలెం ఇసక ఏ పిక్నిక్కులో దూరిందో
ఒక్కోసారి మూతి లోపలికి పోనంటుంది.
చంటిదానికి తేన్పు తెప్పించినట్టు
వీపు మీద తట్టాలి.

ఫోనుకి ఆ మొండితనం లేదు,
నేను వేలు పెట్టేలోపే తీసేసి కూచుంటుంది.
కరెంటు పోయిన సాయంత్రం
కెమెరా చీకటి నిండా ఇసక చల్లితే
ఫోను ఎక్కడెక్కడి వెలుతురో ఏరుకొచ్చి
గోడ మీద బల్లిని కూడా చూపిస్తుంది.
కాదనను.
కానీ పంటు మీద సఖినేటిపల్లి వెళ్తూ
అవతలి రేవుని వేళ్ళతో దగ్గరికి లాగితే
రేవు కాస్తా నీళ్ళెక్కువైన ఉప్మా అయింది.
కెమెరా మాత్రం మెడ సాచి
నావ మీద తెల్లరంగుతో రాసిన పేరు,
అందులో తప్పిపోయిన దీర్ఘంతో సహా
తెచ్చి నా చేతిలో పెట్టింది.

మార్తమ్మ గారు బల్లగుడ్డ తెచ్చింది.
ఇరవై ఆరు రోజుల అల్లిక.
ఫోనులో తీస్తే మీగడ,
ఎక్కడా మరక లేదు, పోగు లేదు,
అసలు చెయ్యే పడనట్టు.
కెమెరాలో పువ్వు గుర్తుకి తిప్పి
జానెడు దూరం నించి తీశాను.
పదకొండో వరసలో ఒక కన్ను తప్పింది.
తప్పిన చోట ఆవగింజంత ముడి.

ఫోను దాన్ని దుమ్మనుకుంది కాబోలు,
అడక్కుండానే తుడిచేసింది.
పోయిన నెల ఆవిడ బుగ్గ మీద
అమ్మవారు పోసిన గుంటలూ ఇలాగే పూడ్చింది.
ఆవిడ ఫొటో దూరంగా పట్టుకుని చూసి
"మా చెల్లి బాగా వచ్చిందమ్మా" అంది.

ముడి కనిపిస్తే నలభై కోత.
నేను చెప్పకపోతే ఎవరికీ తెలీదు,
చెప్పకుండా ఉండలేక చెప్పాను.

ఆవిడ కళ్ళకి పొర కమ్మి రెండేళ్ళు.
ఫొటో చూళ్ళేదు. గుడ్డ అందుకుని
చుట్టూ వేళ్ళు నడిపించి, సరిగ్గా అక్కడ ఆగింది.
"ఇదేగా? ఆ రాత్రి గోదారి గట్టు దాకా వచ్చింది.
మనవరాలు లాంతరు పట్టుకుంది,
నేను నీళ్ళు వింటూ అల్లాను.
ఒకసారి చప్పుడు మారింది. అప్పుడు తప్పింది."

కాసేపు ఇద్దరం ఏమీ అనలేదు.
తర్వాత అడిగింది, బేరం అడిగినట్టే:
"రెండిట్లో డబ్బులిచ్చేది ఏదమ్మా?"
ఫోనుదండి.
"అయితే షావుకారికి అది పంపు.
ఆ రెండోది నాకియ్యి."

మంచి చేశానో చెడు చేశానో,
ఫోనుది పంపాను.
రెండోది ఇవ్వడమే కష్టమైంది.
కెమెరా వైరు ఏనాడో పోయింది,
గోరంత కార్డు చీరకొంగున ముడేసుకుని
పాలకొల్లు స్టూడియోకి బస్సెక్కాను.

కుర్రాడు తెర మీద పెద్దది చేసి
పదకొండో వరస దగ్గర బాణం ఆపి
"మచ్చేదో పడిందండి, తీసెయ్యమంటారా?
దానికి వేరే తీసుకోను" అన్నాడు.

వాడి చెయ్యి పట్టుకున్నాను.
బాబూ, నేను బస్సెక్కింది
దాని కోసమే.