అరువు తాడు

ఫిబ్రవరిలో రేవు మంచు మీద జారిపడ్డాను.
మణికట్టు చిట్లింది, అతుక్కుంది కూడా.
ఆరో వారం చొక్కా గుండీ పెట్టుకుంటుంటే
బొటనవేలి కొస వాలిపోయింది.
నొప్పి లేదు, చప్పుడు లేదు.

బూడో ఆస్పత్రిలో డాక్టర్ ఓస్లౌగ్
నా చేతి మీదే పెన్నుతో గీసింది:
మోచేతికి దిగువన, వెనకవైపు,
అరత్ని ఎముకను కరుచుకుని పుడుతుందట ఆ కండ.
పోనుపోను తాడంత సన్నబడి
మణికట్టు మీది ఎముక బొడిపె దగ్గర మలుపు తిరిగి
గోటి మొదలుదాకా పోతుందట.
వేలిని పైకెత్తేది అదే.

"బొడిపె అంటే కప్పీ అన్నమాట," అన్నాను.
ముప్పై ఏళ్ళు కాడ్ వలలు లాగినవాణ్ణి,
తాడు ఎక్కడ తెగుతుందో నాకొకరు చెప్పాలా?
లాగే చోట కాదు,
ఒరిసే చోట.

బొటనవేలు చాచితే మొదట్లో పడే గుంటలో
మా తాత ముక్కుపొడి పోసుకునేవాడు.
నా గుంటకిప్పుడు ఒక గట్టు లేదు.

చూపుడువేలికి రెండు తాళ్ళుంటాయట.
ఒకటి కోసి బొటనవేలికి కలిపింది.
నన్నడిగితే ముడి నేనే వేసిచ్చేవాణ్ణి.

కట్టు విప్పి ఎత్తమంది.
ఎంత ఎత్తినా కదల్లేదు.
"దాన్ని మర్చిపో. నాకేదైనా చూపించు."
కిటికీ అవతల ఎవరిదో నీలం పడవ.
అదిగో, అనబోయాను,
బొటనవేలు లేచింది.

ఇంట్లో బోర్‌గిల్ ఉప్పేదని అడుగుతుంది.
అల్మరా వైపు చూపిస్తాను.
సూప్ బాగుందన్నాననుకుని
ఇంకో గరిటె వేస్తుంది.