పైకి ఆరింది

ఆటోనగర్లో తాళాలిస్తూ మీరావలి అన్నాడు:
"పైకి ఆరింది గానీ
లోపలింకా పచ్చే.
నెల్లాళ్ళు పాలిష్ మాటెత్తకు,
కవరు కప్పకు, ఊపిరాడనీ."
బాలింతను అప్పగించినట్టు అప్పగించాడు.

అప్పట్నుంచీ వేపచెట్టు కాకులతో నాకు తగువు.
ఏలూరు కాలవ గట్టు దుమ్మును
గుడ్డతో రుద్దను,
చెంబుతో నీళ్ళు పోసి జారనిస్తాను.
మధ్యాహ్నం ఎండకి బానెట్ దగ్గర వంగితే
ఇంకా సన్నగా థిన్నరు వాసన.

సొట్ట ఎక్కడుండేదో కనిపెట్టడం
ఇప్పుడు నా వల్ల కూడా కాదు.
తను గేటుకి గుద్దిన రోజు
వీధి వీధంతా వినేలా నేనరిచింది మాత్రం
హైమకి పొల్లుపోకుండా గుర్తుంది.

తాళాలు మేకుకే ఉన్నాయి.
ఆమె అటు చూడదు.
నేనూ కదపను.

మీరావలి లెక్కలో
ఇంకా పదకొండు రోజులున్నాయి.